పుస్తె ఎవరిది, పట్టా ఎవరిది?

ట్రాలీ ఆటో పొద్దున తొమ్మిదికే వచ్చి వేపచెట్టు కింద ఆగింది. పదకొండైనా అందులోకి ఒక్క సామానూ ఎక్కలేదు. బోధన్ నుంచి వర్ని పోయే దారిలో ఓ ఊరు. గ్రామాభివృద్ధి కమిటీ భవనం ముందు ప్లాస్టిక్ కుర్చీలు రెండు వరసలుగా వేశారు. ఒక వరసలో అమ్మాయి తరఫువాళ్లు, ఎదురుగా అబ్బాయి తరఫువాళ్లు. ఇరువైపులా ధరావతు కట్టాకే మాట మొదలైంది. తెలిసినవాళ్ల వెంట వెళ్లిన నేను వెనక కుర్చీలో కూర్చున్నాను.

బీరువా, మంచం, పరుపు, కూలర్, మిక్సీ, గంగాళం, ఇత్తడి బిందెలు రెండు. ఒక కుర్రాడు నోటుబుక్కులో టిక్కులు పెడుతున్నాడు. బిందెల్లో ఒకటి సొట్టపోయి ఉంది. "సొట్ట మీ ఇంట్లనే పడ్డది" అంది అమ్మాయి మేనత్త. "తెచ్చిననాడే ఉండె" అంది అత్త. ఆ సొట్ట మీద ఇరవై నిమిషాలు గడిచాయి.

ఆ తర్వాత పుస్తెల మాట వచ్చింది. మన దగ్గర పుస్తెలు రెండు కదా, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. "మా పుస్తె మాకియ్యాలె" అంది అత్త. పెద్దమనిషి మెల్లగా, "గంతే కద బిడ్డా, ఎవరిది వాళ్లకు" అన్నాడు. అమ్మాయి మాట్లాడలేదు. కొంగుముడి విప్పి, అప్పటికే తాడు నుంచి వేరుచేసి పెట్టుకున్న పుస్తెను కుర్చీ మీద పెట్టింది. ఒకటిన్నరకు వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకాలు అయిపోయాయి. నేటి నుంచి ఒకరికొకరం ఏమీ కాము, ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదు.

నాకు కోపం వచ్చింది పుస్తె గురించి కాదు. ఆ ఇంటికి మూడెకరాల పొలం ఉంది. అందులో బోరు వేయడానికి పెళ్లినాటి ఐదు తులాలు బ్యాంకులో కుదువ పెట్టారు, మళ్లీ విడిపించలేదు. సొట్ట బిందె గురించి అంతసేపు మాట్లాడినవాళ్లలో ఒక్కరు కూడా ఆ బోరు మాట ఎత్తలేదు.

రెండు పుస్తెలూ ఆమెవే

చట్టం దగ్గరికి వెళ్తే, ఆ రోజు కుర్చీ మీద పెట్టిన పుస్తె కూడా ఆ అమ్మాయిదే. పెళ్లికి ముందు, పెళ్లిలో, పెళ్లి తర్వాత పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, చుట్టాలు, స్నేహితులు ఆమెకు ఇచ్చినదంతా స్త్రీధనమే. దాని మీద భర్తకు వాటా లేదు. ఆయన దగ్గర ఉంటే అప్పగింతగా ఉన్నట్టే. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. అడిగినా ఇవ్వకపోతే నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు అవుతుంది. పాత శిక్షాస్మృతిలో అది 406వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 316వది.

మన బోరు కథకు ఇంకా దగ్గరి తీర్పు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. కేరళ దంపతుల కేసు అది. పెళ్లినాటి 89 సవర్ల బంగారం అత్తింటివాళ్ల అప్పులకు పోయింది. కష్టకాలంలో భార్య బంగారం వాడుకోవచ్చు గానీ, అదే బంగారమో దాని విలువో తిరిగి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పి, ఆమెకు 25 లక్షలు ఇప్పించింది. మన ఊళ్లలో బోరుకు, ట్రాక్టరుకు, దుబాయి వీసాకు కుదువకు పోయిన తులాలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

అయితే అడగాల్సింది ఎవరు? ఈ ప్రశ్న తెలంగాణ నుంచే ఢిల్లీ దాకా వెళ్లింది. అమెరికాలో స్థిరపడిన ఓ అమ్మాయికి అక్కడి మిస్సోరి కోర్టులో 2016లో విడాకులయ్యాయి, పంపకాల ఒప్పందం జరిగింది, ఆమె మళ్లీ పెళ్లి కూడా చేసుకుంది. తర్వాత 2021లో ఆమె తండ్రి ఇక్కడ పాత వియ్యంకుల మీద కేసు పెట్టాడు, పెళ్లిలో పెట్టిన 40 కాసుల బంగారం ఇవ్వలేదని. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. స్త్రీధనం కూతురిది, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రి అడగలేడు. పంచాయితీల్లో అమ్మాయిని ఒక పక్కన కూర్చోబెట్టి బాబాయిలూ మామలూ బేరమాడే మనవాళ్లు ఈ తీర్పును ఒకసారి చదవాలి.

ఇక రుజువు. వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాసి ఇద్దరూ సంతకం చేయాలని 1985 నాటి నిబంధనలు ఉన్నాయి. అలా రాసిన పెళ్లి నేను ఒక్కటీ చూడలేదు. కాబట్టి కోర్టులో అక్కరకొచ్చేవి బంగారం కొట్టు బిల్లు, పెళ్లి వీడియో, ఆల్బమ్, బ్యాంకు కుదువ రశీదు. సర్కారు పెళ్లి సాయం కళ్యాణలక్ష్మి, షాదీ ముబారక్ తీసుకున్నవాళ్లకు ఇంకొక ఆధారం ఉంది. ఆ దరఖాస్తుకు జతచేసిన కాగితాలే పెళ్లి జరిగిందనడానికి సర్కారు దఫ్తర్‌లో సాక్ష్యం. ఒక్కటి గుర్తుంచుకోవాలి, ఆ 1,00,116 రూపాయల చెక్కు వచ్చేది పెళ్లికూతురి తల్లి పేరున.

వంద రూపాయల కాగితం

నిజామాబాద్ జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీ అంటే తెలియని పిల్లవాడు ఉండడు. గుడి కట్టేది అదే, బెల్టు షాపు వేలం వేసేది అదే, తప్పు కట్టించేదీ అదే. సంసారాల తగాదాలూ సహజంగానే దాని దగ్గరికి చేరతాయి. కోర్టుకు ఏళ్లు పడుతుంది, ఇక్కడ ఒక పూటలో తేలుతుంది. ఆ ఆకర్షణ నాకు అర్థమవుతుంది.

కానీ హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చేసుకున్నవాళ్లకు ఆ కాగితం విడాకులు కాదు. కులాచారం ప్రకారం విడిపోవడాన్ని 1955 నాటి ఆ చట్టం 29వ సెక్షన్ కాపాడిన మాట నిజమే. కాకపోతే తమ కులంలో అలాంటి ఆచారం పాతకాలం నుంచి తెగకుండా వస్తోందని రుజువు చేయాల్సిన బరువు ఆ కాగితం చూపించేవాడిదే. స్టాంపు మీద రాసుకున్నాం అంటే చాలదు. రుజువు కాకపోతే మొదటి పెళ్లి అలాగే ఉన్నట్టు, రెండో పెళ్లి చెల్లనట్టు. పదేళ్ల తర్వాత భర్త పోయి, పీఎఫ్ కోసమో పింఛను కోసమో ఇద్దరు భార్యలు ఒకే కౌంటర్ దగ్గర నిలబడినప్పుడు ఈ సంగతి బయటపడుతుంది. "నాకు హక్కు లేదు" అని ఆమె రాసిచ్చిన మాట కూడా భరణం అడగకుండా ఆపలేదు. చట్టం ఇచ్చిన భరణం హక్కును స్టాంపు కాగితంతో వదులుకోవడం కుదరదని కోర్టులు పదేపదే చెప్పాయి.

ఇద్దరికీ ఇష్టమైతే కోర్టు దారి మరీ దూరమేం కాదు. ఏడాది విడిగా ఉన్నవాళ్లు అదే చట్టం 13బి సెక్షన్ కింద కలిసి పిటిషన్ వేయొచ్చు. మొదటి విచారణకూ రెండోదానికీ మధ్య ఆరు నెలల గడువు ఉంది. కలిసే ఆశ లేదని, భరణం, పిల్లల సంగతి తేలిపోయాయని కోర్టుకు నమ్మకం కుదిరితే ఆ ఆరు నెలలూ మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పంచాయితీలో కుదిరిన మాటనే మంచి కాగితంగా రాసుకుని కోర్టులో పెట్టుకోవచ్చు. పెద్దమనుషులు ఆ ఒక్క పని చేయిస్తే వాళ్ల పూట వృథా కాదు.

కాపురం ఇద్దరిది, పాసుపుస్తకం ఒకరిది

అసలు సంగతి ఇక్కడుంది. మన చట్టం పెళ్లిని రద్దు చేస్తుంది గానీ ఆస్తిని పంచదు.

ఆస్తిని కూడా పంచే చట్టాలు వేరే చోట్ల ఉన్నాయి. ఇంగ్లండులో పెళ్లి కాకుండా సివిల్ పార్ట్‌నర్‌షిప్ అని ఒక బంధం ఉంది. 2005 డిసెంబరు నుంచి స్వలింగ జంటలకు, 2019 డిసెంబరు 31 నుంచి స్త్రీ పురుష జంటలకూ అందుబాటులోకి వచ్చింది. దాన్ని ముగించాలంటే ఆ బంధం మొదలై కనీసం ఏడాది దాటాలి. 2022 ఏప్రిల్ నుంచి ఎవరి తప్పూ చూపించక్కర్లేదు. దరఖాస్తు పెట్టాక 20 వారాలు, ఆ తర్వాత ఇంకో 6 వారాలు ఆగితే చాలు. ఆ తర్వాత ఇల్లు, పొదుపు, పింఛను అన్నీ కోర్టు ముందు ఒకే కుప్పగా పెడతారు. ఎవరి పేరున ఉంది అన్నది అక్కడ చివరి ప్రశ్న. పెళ్లయినా అంతే. మన దేశంలోనే గోవాలో, పోర్చుగీసువాళ్ల కాలం నాటి సివిల్ కోడ్ పుణ్యమా అని, వేరే ఒప్పందం రాసుకోకపోతే పెళ్లితోనే ఆస్తి ఇద్దరిదీ అవుతుంది.

మనకు అది లేదు. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ దాటింది. లోక్‌సభ గడువుతో పాటు మురిగిపోయింది. కాబట్టి ఆ మూడెకరాల్లో నాట్లు వేసిందీ, కలుపు తీసిందీ ఆమే అయినా, పట్టాదారు పాసుపుస్తకంలో మామ పేరుంటే ఆ భూమి మామదే. రైతు భరోసా పడేది ఆయన ఖాతాలోనే. చెరకు వేసిన రోజుల్లో ఫ్యాక్టరీ పేమెంటు కూడా ఆయన పేరునే వచ్చేది.

చెరకంటే గుర్తొచ్చింది. వాటాల తగువు బోధన్‌కు కొత్తదేం కాదు. నిజాం కాలంలో 1937లో పుట్టి, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న శక్కర్‌నగర్ ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు చేతిలో పెట్టినప్పుడు లెక్క 51, 49. వాళ్లకు 51, సర్కారుకు 49. కాపురం కుదరలేదు. 2015 డిసెంబరులో తాళం పడింది. ఆ వాటాల సంగతి తేల్చడానికి మంత్రివర్గ ఉపసంఘాలు కూర్చున్నాయి, ఫైళ్లు నడిచాయి. మూడెకరాల ఆమెకు అందులో వందో వంతు తూకం కూడా ఎవరూ వేయలేదు.

మరి ఆమెకు ఏం దారి? భూమిలో వాటా లేకపోయినా భూమి మీద భారం పెట్టించుకోవచ్చు. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం ఇచ్చేటప్పుడు, అవసరమైతే భర్త స్థిరాస్తి మీద దాన్ని ఛార్జిగా వేయొచ్చు. ఈ సంగతి పిటిషన్లలో అడిగేవాళ్లు తక్కువ. అడగాలి. రెండోది, పిల్లలు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో వాళ్ల హక్కు అమ్మానాన్నల విడాకులతో పోదు. తల్లి పిల్లలను తీసుకుని పుట్టింటికి వచ్చినా, వాళ్ల వాటా అక్కడే ఉంటుంది.

మూడోది నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. భర్త భూమిలో లేని వాటా నాన్న భూమిలో ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి కూతుళ్లను ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానం చేసింది. 2005లో దేశమంతా అదే బాట పట్టింది. అయినా పుట్టింటికి వచ్చిన కూతురితో అన్నదమ్ములు చెప్పే మొదటి మాట "కట్నం ఇచ్చినం కద". కట్నం వాటాకు బదులు కాదు. నిజాంసాగర్ నీళ్ల కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న కుటుంబాల్లో కూతురికి పసుపు కుంకుమ కింద ఎకరమో రెండెకరాలో ఇచ్చే అలవాటుంది. నోటిమాటతో ఇచ్చినదైతే ఇబ్బందే. భూమి దానం చెల్లాలంటే రిజిస్టరు కావాలి.

భరణం సంగతికి వస్తే, రైతు ఇంట్లో నెలజీతం ఉండదు. "పసుపు అమ్మినంక చూద్దాం" అన్న మాట ఈ జిల్లాలో ఎన్ని వాయిదాలను దాటించిందో. 2020 నవంబరులో రజ్నేష్ కేసులో సుప్రీంకోర్టు భార్యాభర్తలిద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వేయాలని ఆదేశించినప్పుడు, వ్యవసాయదారులకు వేరే నమూనా తయారుచేసింది. ఎంత భూమి, ఏ పంటలు, గొడ్లు ఎన్ని, అన్నీ అందులో రాయాలి. భరణం కూడా దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క. కాబట్టి "రేపు పోదాం లే" అనుకునే ప్రతి నెలకూ ఖరీదుంది.

అప్పు మాత్రం ఆమె పేరునే

ఆస్తి కాగితాల్లో కనిపించని ఆమె, అప్పు కాగితాల్లో మాత్రం నిండుగా కనిపిస్తుంది. మహిళా సంఘం లోను, స్త్రీనిధి లోను, బంగారం మీద లోను. డబ్బు ఇంటికి పోయింది, సంతకం ఆమెది. విడిపోయాక సంఘం మీటింగులో కిస్తీ కట్టాల్సింది ఆమె. బ్యాంకుకు విడాకుల డిక్రీతో పని లేదు. సంతకం పెట్టినవాళ్లు కట్టాలి, జామీను ఉన్నవాళ్లు కట్టాలి. అందుకే పంచాయితీలో గానీ కోర్టులో గానీ రాజీ రాసేటప్పుడు ఏ అప్పు ఎవరు తీరుస్తారో, ఏ తేదీలోగానో రాయించుకోవాలి. వీలైతే రాజీ డబ్బులోంచి ముందు ఆ అప్పు మూసేసి, నో డ్యూ సర్టిఫికెట్ చేతికి వచ్చాకే మిగతా సంతకాలు పెట్టాలి.

నామినీ పేర్లను కూడా అందరూ మరిచిపోతారు. రైతు బీమా 5 లక్షలు నామినీగా ఎవరి పేరుంటే వాళ్ల ఖాతాలో పడతాయి. బీడీలు చుట్టే ఆడవాళ్లకు పీఎఫ్ ఉంటుంది, అందులో మొగుడి పేరు అలాగే ఉండిపోతుంది. ఎల్ఐసీ, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు, ఇవన్నీ ఒక పూట కూర్చుని మార్చుకోవాల్సినవి.

దుబాయి నుంచి, మిస్సోరి నుంచి

ఆర్మూర్, బాల్కొండ వైపు సగం సంసారాలు ఫోన్‌లోనే నడుస్తాయి. భర్త గల్ఫ్‌లో ఉంటే కేసు నడవదని భయపెట్టేవాళ్లు చాలామంది. ఇష్టపూర్వక విడాకుల్లో వీడియో ద్వారా హాజరు కావొచ్చనీ, అమ్మానాన్న, తోబుట్టువులు ప్రతినిధిగా నిలబడొచ్చనీ ఇందాక చెప్పిన 2017 తీర్పులోనే ఉంది.

అక్కడి కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లుతాయా అన్నది వేరే ముచ్చట. దానికి దారి చూపింది కూడా తెలుగు దంపతుల కేసే. 1975లో తిరుపతిలో పెళ్లి. భర్త మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే, భార్య చీరాల కోర్టులో కేసు పెట్టింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలోని కారణాల మీద, అవతలివాళ్లు నిజంగా హాజరై ఒప్పుకున్న కోర్టు ఇస్తేనే ఆ డిక్రీ ఇక్కడ నిలబడుతుందని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. వాట్సాప్‌లో వచ్చిన పరాయి దేశపు కాగితం చూసి బెంబేలెత్తనక్కర్లేదు. కానీ దాన్ని పట్టించుకోకుండా మూల పడేయడమూ మంచిది కాదు.

బోధన్ గల్లీల్లో మెహర్

బోధన్, నిజామాబాద్ పాత బస్తీల్లో లెక్క వేరు. నిఖానామాలో మెహర్ ఎంతో రాసే ఉంటుంది, కాబట్టి కాగితం విషయంలో ముస్లిం పెళ్లికూతురు ఒక మెట్టు పైనే ఉంది. భర్త వదిలేస్తే మెహర్ చెల్లించాలి. భరణం విడాకుల తర్వాతి ఇద్దత్ మూడు నెలలకే అన్న మాట ఇంకా చాలామంది నోట వింటాం. 2024 జులై 10న సుప్రీంకోర్టు దానికి జవాబు చెప్పింది. అదీ తెలంగాణ కేసే. 2017లో విడాకులిచ్చిన భర్త, మాజీ భార్యకు కుటుంబ న్యాయస్థానం వేసిన 20 వేల మధ్యంతర భరణాన్ని హైకోర్టు 10 వేలకు తగ్గించినా ఒప్పుకోక పైకి వెళ్లాడు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరిలాగే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం అడగొచ్చని కోర్టు చెప్పి, అతని అప్పీలు కొట్టేసింది. ఆ సెక్షనే ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144.

ఆమే బయటికి రావాలనుకుంటే ఖులా. భర్త ఒప్పుకోవట్లేదు, ముఫ్తీ కాగితం ఇవ్వట్లేదు అని ఏళ్లకేళ్లు వేలాడినవాళ్లు నాకు తెలుసు. ఖులా అడగడం భార్యకు తిరుగులేని హక్కనీ, భర్త సమ్మతి అక్కర్లేదనీ 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. మెహర్ తిరిగి ఇచ్చే విషయంలో భర్త మాట్లాడుకోవచ్చు గానీ, ఖులా మాత్రం ఆపలేడు.

తాళి లేని కాపురాలు

పెళ్లి కాకుండా కలిసి ఉన్నవాళ్ల సంగతేంటి? స్త్రీ పురుషులైతే, పెళ్లిలాంటి బంధమని రుజువు చేయగలిగితే, 2005 గృహహింస చట్టం కింద ఆమెకు ఇల్లు, ఖర్చు, రక్షణ అడిగే దారి ఉంది. విడాకులు మాత్రం లేవు, ఆస్తి పంపకం అంతకంటే లేదు. స్వలింగ జంటలకు ఆ మాత్రం దారి కూడా లేదు. హైదరాబాద్ జంట ఒకటి ముందు నిలబడి సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులో, 2023 అక్టోబరు 17న కోర్టు పెళ్లి హక్కు ఇవ్వలేదు. ఇంగ్లండు తరహా పౌర బంధాన్నీ మెజారిటీ ఒప్పుకోలేదు. తర్వాతి ఏడాది ఆగస్టులో, ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. కలిసి ఫ్లాట్ కొనుక్కుంటే ఎవరు ఎంత పెట్టారో రాసి రిజిస్టరు చేసుకోవడమే వాళ్లకున్న చట్టం.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి. పంచాయితీ అయిన నెల తర్వాత తల్లితో కలిసి నిజామాబాద్ కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వచ్చింది. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును పెడతారు. 1987 చట్టంలోనే ఉంది. దారిలో తల్లి ఒంటరి మహిళ పింఛను గురించి అడిగింది. 2017లో మొదలైన ఆ పింఛను ఇప్పుడు 2,016 రూపాయలు. ఏడాదికి పైగా విడిగా ఉంటే అర్హత, కోర్టు డిక్రీతో పని లేదు.

వకీలమ్మ తెల్లకాగితం, పెన్ను చేతికిచ్చి, "పెండ్లప్పుడు మీవాళ్లు ఏమేం పెట్టిన్రో, అన్నీ వరసగా రాయమ్మా" అంది. అమ్మాయి పెన్ను పట్టుకుని కాసేపు కాగితం వైపు చూసింది. తర్వాత మొదటి గీత మీద 'బోరు' అని రాసింది.

"ముందుగల బంగారం రాయవే" అంది తల్లి.

"బంగారం బోర్లనే ఉన్నది గదనే అమ్మా."